పట్టణ స్వావలంబన: బోధన్ పిప్పి నుంచి సిరిసిల్ల మీటరు దాకా

స్తంభం ఒకరిది, దీపం ఒకరిది

మిట్టమధ్యాహ్నం వీధి దీపం వెలుగుతుంటుంది. మన పట్టణాల్లో ఈ దృశ్యం చూడనివాళ్లు ఉండరు. ఆ స్తంభం, దాని మీది తీగ విద్యుత్ పంపిణీ సంస్థవి. దీపం మున్సిపాలిటీది. పగలంతా అది కాల్చిన కరెంటుకు బిల్లు మున్సిపాలిటీకి వస్తుంది. ఆఫీసు భాషలో దాన్ని సీసీ ఛార్జీలు అంటారు. అది కట్టేది మన ఇంటి పన్ను డబ్బుతోనే. యూనిట్ ధర తేల్చేది హైదరాబాద్‌లోని రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి. లైన్‌మన్‌ను అడిగితే దీపం మాది కాదంటాడు. మున్సిపల్ సిబ్బందిని అడిగితే స్తంభం ఎక్కే అధికారం మాకు లేదంటారు. ఇద్దరూ చెప్పేది నిజమే.

పట్టణాల శక్తి స్వావలంబన, పాలనా స్వావలంబన అని పోటీ పరీక్షల సిలబస్‌లలో రెండు వేర్వేరు అంశాలుగా కనిపిస్తాయి. ఒకటి పర్యావరణం పేపర్లో, ఇంకొకటి పాలిటీ పేపర్లో. ఆ దీపం కింద నిలబడి చూస్తే రెండూ ఒకటే ప్రశ్న. కరెంటు ఎక్కడ తయారవుతుందన్నది సగం సంగతి. దాని లెక్క ఎవరి చేతిలో ఉందన్నది మిగతా సగం. ఈ రెండు సగాలూ మన ఉత్తర తెలంగాణలోనే దొరుకుతాయి. మొదటిది బోధన్‌లో, రెండోది సిరిసిల్లలో.

రాజ్యాంగం ఏం చెప్పింది, ఏం చెప్పలేదు

74వ రాజ్యాంగ సవరణ 1992లో జరిగి 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. 243డబ్ల్యూ అధికరణ ప్రకారం మున్సిపాలిటీలను స్వపరిపాలనా సంస్థలుగా నిలబెట్టే అధికారాలను రాష్ట్ర శాసనసభ ఇవ్వవచ్చు. 'ఇవ్వవచ్చు' అన్న మాటను గుర్తుపెట్టుకోండి, అది 'ఇవ్వాలి' కాదు. అలా ఇవ్వదగిన 18 అంశాలు 12వ షెడ్యూల్‌లో ఉన్నాయి. వాటిలో కరెంటు ఎక్కడుందో వెతకండి. 17వ అంశంలో వీధి దీపాలున్నాయి. 14వ అంశంలో విద్యుత్ దహనవాటికలున్నాయి. అంతే. విద్యుత్ ఉత్పత్తి లేదు, పంపిణీ లేదు, సంప్రదాయేతర ఇంధనం అన్న మాటే లేదు.

ఇప్పుడు పంచాయతీల 11వ షెడ్యూల్ తెరవండి. అందులో 29 అంశాలు. 14వది గ్రామీణ విద్యుదీకరణ, విద్యుత్ పంపిణీతో సహా. 15వది సంప్రదాయేతర ఇంధన వనరులు. ఊరికి రాజ్యాంగం కాగితం మీదైనా ఇచ్చినదాన్ని పట్టణానికి ఇవ్వలేదు. చాలామంది అభ్యర్థులు ఈ తేడాను గమనించరు. ప్రిలిమ్స్‌లో దీని మీద ప్రశ్న వస్తే అంశం సంఖ్యతో సహా గుర్తుండాలి.

మిగతావి క్లుప్తంగా. విద్యుత్తు ఉమ్మడి జాబితాలో 38వ అంశం. విద్యుత్ వినియోగం, అమ్మకం మీద పన్ను రాష్ట్ర జాబితాలో 53వది. స్థానిక ప్రభుత్వం రాష్ట్ర జాబితాలో 5వది. విద్యుత్ చట్టం 2003లోని 5వ సెక్షన్ గ్రామీణ ప్రాంతాల్లో పంపిణీ నిర్వహణను పంచాయతీలకు, వినియోగదారుల సంఘాలకు, సహకార సంఘాలకు అప్పగించే విధానం రూపొందించాలంటుంది. అక్కడా పట్టణం ఊసు లేదు. 13వ సెక్షన్ మాత్రం ఒక సందు వదిలింది. రాష్ట్ర ప్రభుత్వం సిఫార్సు చేస్తే నియంత్రణ మండలి స్థానిక సంస్థలకు లైసెన్సు అవసరం లేకుండా మినహాయింపు ఇవ్వవచ్చు. చట్టం దృష్టిలో స్థానిక సంస్థ అంటే మున్సిపాలిటీ కూడా. ఆ తలుపు ఉంది. తట్టినవాళ్లే తక్కువ.

బోధన్: తన పొయ్యిలో తన కట్టె

నిజాం హయాంలో 1937లో బోధన్ పక్కన నిజాం చక్కెర ఫ్యాక్టరీ వెలిసింది. ఆ చోటుకు శక్కర్‌నగర్ అని పేరొచ్చింది. ఒకప్పుడు ఆసియాలోనే అతి పెద్ద చక్కెర కర్మాగారమని దానికి పేరు. అంతటి ఫ్యాక్టరీ అక్కడే ఎందుకు పెట్టారంటే నీళ్లే కారణం. మంజీర మీద నిజాంసాగర్ 1923లో మొదలై 1931లో పూర్తయింది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ చీఫ్ ఇంజనీరుగా కట్టించిన ప్రాజెక్టు అది. కాలువ కింద చెరకు పండింది. ఆ ఆయకట్టు కోసం కోస్తా నుంచి రైతులు తరలివచ్చి వర్ని, బోధన్ వైపు స్థిరపడ్డారు. ఆ ఊళ్ల పేర్ల చివర ఇప్పటికీ 'క్యాంపు' అన్న మాట కనిపిస్తుంది.

చక్కెర మిల్లు పనిచేసే తీరు తెలిస్తే శక్తి స్వావలంబన అంటే ఏమిటో విడిగా చెప్పక్కర్లేదు. 100 టన్నుల చెరకు ఆడితే సుమారు 10 టన్నుల చక్కెర వస్తుంది. 4 టన్నుల మొలాసిస్, 3 టన్నులకు పైగా ప్రెస్‌మడ్ (రసం వడకట్టాక మిగిలే మడ్డి), దాదాపు 30 టన్నుల పిప్పి మిగులుతాయి. పిప్పిలో సగం తేమే. అయినా అదే బాయిలర్లో మండుతుంది. దాని ఆవిరి టర్బైన్ తిప్పి కరెంటు పుట్టిస్తుంది. టర్బైన్ నుంచి బయటికొచ్చిన ఆవిరి చల్లారకముందే వెళ్లి చెరకు రసాన్ని మరిగిస్తుంది. ఒకే ఆవిరి రెండు పనులు చేయడాన్నే సహోత్పత్తి అంటారు. అధిక పీడన బాయిలర్లు పెట్టుకుంటే టన్ను చెరకుకు దాదాపు 100 యూనిట్లు తీయవచ్చు, మిల్లు వాడుకోగా మిగిలింది గ్రిడ్‌కు అమ్మవచ్చు. మొలాసిస్ ఇథనాల్‌కు పోతుంది, ప్రెస్‌మడ్ పొలానికి ఎరువవుతుంది. ఇప్పుడు దాంతో బయోగ్యాస్ కూడా తీస్తున్నారు. బండెడు చెరకులో పారేసేది ఏమీ లేదు.

ఫ్యాక్టరీ చుట్టూ క్వార్టర్లు, బడి, ఆసుపత్రి వచ్చాయి. శక్కర్‌నగర్ ఒక చిన్న పట్టణమంత అయింది. ఇక్కడే మన పాఠం మొదలవుతుంది. ఆ పట్టణానికి అన్నీ ఉన్నాయి కానీ ఏదీ దాని చేతిలో లేదు. వీధి, దీపం, నీళ్లు అన్నీ యాజమాన్యం ఇచ్చినవే. 2002లో 51 శాతం వాటా ప్రైవేటు సంస్థకు వెళ్లి, నిజాం దక్కన్ షుగర్స్ పేరుతో బోధన్, మెట్‌పల్లి దగ్గరి ముత్యంపేట, మెదక్ వైపు ముంబోజిపల్లి యూనిట్లు కొత్త చేతుల్లోకి మారాయి. ప్రభుత్వానికి 49 శాతం మిగిలింది. 2015 డిసెంబరు 23న లేఆఫ్ ప్రకటనతో గానుగాట ఆగింది. 2019లో జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ లిక్విడేషన్‌కు ఆదేశించింది. 2024లో రాష్ట్ర ప్రభుత్వం పునరుద్ధరణ మార్గం చూడమని మంత్రి దుద్దిళ్ల శ్రీధర్‌బాబు అధ్యక్షతన కమిటీ వేసింది.

ఈ తేదీలన్నిటిలో బోధన్ మున్సిపాలిటీ పేరు ఒక్కచోటా రాలేదు, చూశారా? వాటా అమ్మినప్పుడు బోధన్ పురపాలక సంఘం సంతకం ఎవరికీ అవసరం కాలేదు. మూసినప్పుడూ అంతే. 2011 జనగణన నాటికి 77 వేల జనాభా ఉన్న పట్టణం అది. దాని బతుకుతెరువు, దాని శక్తి వనరు, దాని సగం సౌకర్యాలు ఎవరో ఎక్కడో తీసుకున్న నిర్ణయంతో పోయాయి. రైతులు చెరకు వదిలి వరి, సోయాకు మళ్లారు. బాయిలర్ ఉన్నంత మాత్రాన పట్టణం స్వావలంబి కాదు. బోధన్ గురించి రాసేటప్పుడు 'మూతపడిన పరిశ్రమ' అని ఒక్క వాక్యంతో దాటేయకండి. ఆ మూత వెనక అధికార వికేంద్రీకరణ ప్రశ్న ఉంది. పరీక్షలో మార్కులు తెచ్చేది అదే. అక్కడి జనానికి న్యాయం చేసేదీ అదే.

సిరిసిల్ల: ఓటుతో నడిచే మీటరు

బోధన్‌లో లేనిది సిరిసిల్లలో ఉంది. గ్రామీణ విద్యుదీకరణ సంస్థ 1969లో ఏర్పడ్డాక దేశంలో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన తొలి గ్రామీణ విద్యుత్ సహకార సంఘాల్లో సిరిసిల్ల సహకార విద్యుత్ సరఫరా సంఘం ఒకటి. 1970 నుంచి నడుస్తోంది. అందరూ 'సెస్' అంటారు. కరెంటు కనెక్షన్ ఉన్నవాళ్లు అందులో సభ్యులు, డైరెక్టర్లను ఎన్నుకునేది వాళ్లే. 2022 డిసెంబరులో 15 డైరెక్టర్ స్థానాలకు జరిగిన ఎన్నికలు శాసనసభ ఎన్నికలంత వేడిగా సాగాయి. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే ఎవరిని నిలదీయాలో సిరిసిల్ల మరమగ్గాల కార్మికుడికి తెలుసు. మళ్లీ ఓటు అడగడానికి వచ్చే మనిషిని.

అలాగని సెస్‌ను ఆకాశానికి ఎత్తడం నా ఉద్దేశం కాదు. అది సొంతంగా కరెంటు తయారుచేయదు, టోకున కొని పంచుతుంది. రాజకీయ పార్టీలు ఆ ఎన్నికల్లో పూర్తిగా దిగాయి. ఆర్థికంగా రాష్ట్ర ప్రభుత్వ సబ్సిడీ చెల్లింపుల మీద ఆధారపడక తప్పదు. ఆంధ్రప్రదేశ్‌లో అనకాపల్లి, చీపురుపల్లి, కుప్పం సహకార సంఘాలదీ ఇదే కుటుంబం. కానీ అర్ధశతాబ్దం దాటి ఒక ప్రజాసంఘం తీగలు, స్తంభాలు, బిల్లులు చూసుకోగలిగిందన్న వాస్తవాన్ని ఎవరూ కాదనలేరు. ఇది సామాన్యులకు చేతకాని సాంకేతిక వ్యవహారమన్న వాదనకు సిరిసిల్లే జవాబు.

నిజామాబాద్ దగ్గర ఏముంది

ఈ ప్రాంతంలో జలవిద్యుత్ ఉంది. నిజాంసాగర్ దగ్గర 10 మెగావాట్లు, గోదావరి మీద పోచంపాడ్ శ్రీరాంసాగర్ దగ్గర 36 మెగావాట్లు. రెండూ రాష్ట్ర విద్యుత్ ఉత్పత్తి సంస్థ జెన్‌కోవి, వాటి కరెంటు గ్రిడ్‌కు పోతుంది. నీళ్లు వదిలినప్పుడే టర్బైన్ తిరుగుతుంది. కట్టినప్పుడు 29.7 టీఎంసీలున్న నిజాంసాగర్ పూడిక వల్ల తగ్గి ఇప్పుడు 17.8 టీఎంసీల జలాశయం. ఎగువన సింగూరు జలాశయం నీళ్లను హైదరాబాద్ తాగునీటికి మళ్లించారు. కాబట్టి నిజామాబాద్ ఆశ పెట్టుకోవాల్సింది నది మీద కాదు, నెత్తి మీది కప్పు మీద, మిల్లు వెనక గుట్ట మీద.

బోధన్ రోడ్డులో ఉప్పుడు బియ్యం మిల్లు ఏదైనా ఒకసారి చూసి రండి. ముందు లారీల వరస. వెనక్కి వెళ్తే ఇంటి ఎత్తు ఊక గుట్ట, మీద చెయ్యి పెడితే మెత్తగా లోపలికి పోతుంది. దాని పక్కనే బాయిలర్. మూత తెరవగానే ఎర్రటి మంట ముఖానికి కొడుతుంది. ఊక పోస్తూనే ఉండాలి, చకచకా కాలి తెల్లటి బూడిదవుతుంది. ఆవిరి గొట్టాల్లోంచి వెళ్లి నానిన వడ్లను ఉడికిస్తుంది. తడి వడ్ల వాసన, ఆవిరి వేడి, ముక్కుపుటాల్లో సన్నటి దుమ్ము. 100 కిలోల వడ్లకు దాదాపు 20 కిలోల ఊక వస్తుంది. చక్కెర మిల్లులో పిప్పి చేసిన పని ఇక్కడ ఊక చేస్తోంది. చెరకు పోయి వరి వచ్చినప్పుడు ఈ నేల శక్తి గుణం పోలేదు, రూపం మారింది. అయితే మిల్లుల్లో చాలావరకు ఆవిరిని ఉడకబెట్టడానికే వాడుకుంటారు, టర్బైన్ ఉండదు. మోటార్లకు కరెంటు మళ్లీ తీగ మీదే రావాలి. పొలంలో గడ్డి మాత్రం కోత యంత్రం పోయాక కాలిపోతుంది. సాయంత్రాలు వర్ని దారిలో ఆ పొగ కనిపిస్తుంది. 2018లో కేంద్రం మొదలుపెట్టిన సతత్ పథకం అలాంటి గడ్డి నుంచి, ప్రెస్‌మడ్ నుంచి కంప్రెస్డ్ బయోగ్యాస్ తీసేందుకే.

ఇక కప్పు. ఒక కిలోవాట్ సౌర ఫలకాలకు సుమారు 100 చదరపు అడుగులు చాలు. మన ఎండకు రోజుకు నాలుగు యూనిట్లు, ఏడాదికి దాదాపు 1,400 యూనిట్లు వస్తాయి. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 1 కిలోవాట్‌కు 30 వేలు, 2 కిలోవాట్లకు 60 వేలు, 3 కిలోవాట్లు, ఆపైన 78 వేల రూపాయల సబ్సిడీ. లక్ష్యం కోటి ఇళ్లు, కేటాయింపు 75,021 కోట్లు. ఒక చిన్న లెక్క వేద్దాం. 3 లక్షలు దాటిన జనాభాగల నిజామాబాద్‌లో 10 వేల ఇళ్ల మీద 3 కిలోవాట్ల చొప్పున పెట్టారనుకోండి. 30 మెగావాట్లు, ఏడాదికి 4.2 కోట్ల యూనిట్లు. సామర్థ్యం అంకెల్లో చూస్తే నిజాంసాగర్ జలవిద్యుత్ కేంద్రానికి మూడింతలు. ఒక్క ఎకరం ముంపు లేదు.

మార్కెట్ యార్డు చెత్తను కూడా లెక్కలో వేసుకోవాలి. హైదరాబాద్ బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లో రోజుకు 10 టన్నుల వ్యర్థాల నుంచి 500 యూనిట్ల కరెంటు, వంటకు గ్యాస్ తీసే ప్లాంటు పెట్టారు. భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ) పరిజ్ఞానంతో నడిచే ప్లాంటు అది. పసుపుకు, కూరగాయలకు పేరున్న నిజామాబాద్ యార్డుకు అది సరిగ్గా సరిపోయే నమూనా.

పాలకవర్గం లేని రోజులు

కరెంటు లెక్క ఇలా ఉంటే పాలన లెక్క ఇంకా సున్నితమైనది. నిజామాబాద్ 2005లో కార్పొరేషన్ అయింది. 2020 జనవరిలో 60 డివిజన్లకు ఎన్నికలు జరిగాయి. ఆ పాలకవర్గం గడువు 2025 జనవరితో ముగిసింది, వెంటనే ప్రత్యేకాధికారి పాలన వచ్చింది. రాష్ట్రంలో చాలా పట్టణాల్లో అప్పుడు ఇదే కథ. 243యూ అధికరణ మాత్రం ఐదేళ్ల గడువు తీరకముందే ఎన్నికలు పూర్తిచేయాలంటుంది. కార్పొరేటరే లేని ఆ రోజుల్లో డివిజన్‌లో సౌర పథకం గురించి ఎవరితో మాట్లాడేవారు?

2019 తెలంగాణ మున్సిపాలిటీల చట్టంలో పనికొచ్చే పనిముట్లు లేకపోలేదు. ప్రతి వార్డుకు యువత, మహిళలు, వృద్ధులు, ప్రముఖులతో నాలుగు కమిటీలు, ఒక్కోదానిలో 15 మంది. బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి. కానీ అదే చట్టం జిల్లా కలెక్టర్‌కు ఎన్నికైన పాలకుల మీద విస్తృత అధికారాలిచ్చిందన్న విమర్శ ఉంది, నా దృష్టిలో అది న్యాయమైన విమర్శే. 243ఎస్ ప్రకారం 3 లక్షలు, అంతకు మించిన జనాభా ఉన్న మున్సిపాలిటీలో వార్డు కమిటీలు తప్పనిసరి. 2011లోనే నిజామాబాద్ ఆ గీత దాటింది.

డబ్బు సంగతి. 15వ ఆర్థిక సంఘం 10 లక్షల లోపు జనాభా పట్టణాలకిచ్చే గ్రాంట్లలో 60 శాతాన్ని తాగునీరు, పారిశుద్ధ్యాలకే ముడిపెట్టింది. శక్తికి విడిగా ఏమీ లేదు. అయితే నీళ్ల పంపింగ్ ఖర్చులో పెద్ద భాగం కరెంటే కదా. ఇండోర్ కార్పొరేషన్ ఈ నీళ్లు-కరెంటు ముడిని తెలివిగా విప్పింది. 2023 ఫిబ్రవరిలో 244 కోట్ల రూపాయల గ్రీన్ బాండ్లు అమ్మి, నర్మద నీళ్లను నగరానికి ఎత్తే పంపుల కోసం 60 మెగావాట్ల సౌర కేంద్రానికి నిధులు సేకరించింది.

నిజామాబాద్ జిల్లా పల్లెల్లో ఇంకొక స్వపరిపాలన కూడా ఉంది, గ్రామాభివృద్ధి కమిటీలు. ఆర్మూర్ చుట్టుపక్కల వీటి బలం ఎక్కువ. చందాలతో బడులు, గుళ్లు, రోడ్లు కట్టిన ఘనత వీటిది. మాట వినని కుటుంబాలను సాంఘికంగా వెలివేసిన ఆరోపణలూ వీటి మీదే. ఓటు లేని, ఆడిట్ లేని స్వపరిపాలన ఎటు పోతుందో చూడడానికి ఇది చాలు. స్వావలంబనకు ఉదాహరణగా వీటిని రాసేవాళ్లు రెండో వైపు కూడా రాయాలి.

వేరేచోట్ల

కేరళలో త్రిస్సూర్ కార్పొరేషన్ 1937 నుంచి సొంతంగా విద్యుత్ పంపిణీ చేస్తోంది. బోధన్ ఫ్యాక్టరీ పుట్టిన ఏడాదే! ముంబైలో కరెంటు పంచే బెస్ట్ కూడా కార్పొరేషన్ సంస్థే. జర్మనీలో హాంబర్గ్ పౌరులు 2013 సెప్టెంబరులో ప్రజాభిప్రాయ సేకరణలో స్వల్ప ఆధిక్యంతో నగర విద్యుత్ తీగలను తిరిగి కొనాలని తీర్పిచ్చారు. ఆస్ట్రియాలో గ్యూసింగ్ అన్న చిన్న పట్టణం అడవి కట్టెతో వేడి, కరెంటు తయారుచేసుకుని పేరు తెచ్చుకుంది, తర్వాత సబ్సిడీలు తగ్గినప్పుడు ఇబ్బందీ పడింది. మనకు పిప్పి ఎలాగో వాళ్లకు కట్టె అలాగ.

మరోవైపు వాదన

ఎదురు వాదనలు రాయని జవాబు అసంపూర్ణం. మొదటిది గృహజ్యోతి. 2024 ఫిబ్రవరి చివర్లో మొదలైన ఈ పథకంలో అర్హులకు నెలకు 200 యూనిట్ల దాకా బిల్లు సున్నా. పేదింటికి అది పెద్ద ఊరట. కానీ బిల్లే రాని ఇల్లు లక్షన్నర పెట్టి ఫలకాలు ఎందుకు వేసుకుంటుంది? ఆ సబ్సిడీనే ప్రభుత్వం ఆ ఇంటి కప్పు మీద ఫలకాలుగా ఒక్కసారి పెట్టేస్తే ఊరట పాతికేళ్లు ఉంటుందని నా అభిప్రాయం. అద్దె ఇళ్లవాళ్లకు, రేకుల ఇళ్లవాళ్లకు కప్పు లేదు. వాళ్ల కోసం మున్సిపల్ స్థలంలో ఉమ్మడి సౌర కేంద్రం పెట్టి వాటా ఇవ్వాలి.

రెండోది ఇంకా గట్టిది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్. పట్టణంలోని పెద్ద వినియోగదారులు ఎక్కువ ధర కట్టడం వల్ల ఆ భారం కొంత సర్దుకుంటోంది, దీన్నే క్రాస్ సబ్సిడీ అంటారు. వాళ్లంతా సొంత సౌరశక్తితో పంపిణీ సంస్థను వదిలిపోతే మోటార్ల భారం ఎవరి మీద పడుతుంది? నిజామాబాద్ లాంటి పట్టణం వడ్లు, పసుపు వల్లే బతుకుతుంది, ఆ వడ్లు మోటార్ల నీళ్లతో పండుతాయి. అందుకే పట్టణం పల్లెను వదిలించుకునే స్వావలంబన కుదరదు. 243జెడ్‌డి కింద జిల్లా ప్రణాళికా కమిటీ ఉన్నది పంచాయతీల, మున్సిపాలిటీల ప్రణాళికలను కలపడానికే. దాని సభ్యుల్లో ఐదింట నాలుగు వంతులు ఎన్నికైనవారే ఉండాలి. పొలం గడ్డి, మిల్లు ఊక, పట్టణం కప్పు ఒకే లెక్కలోకి రావాల్సిన చోటు అది.

మూడోది, సూర్యుడు సాయంత్రం ఆరింటికి వెళ్లిపోతాడు, పట్టణానికి కరెంటు ఎక్కువ కావాల్సింది అప్పుడే. బయోమాస్‌కు ఆ చిక్కు లేదు. ఊకను రాత్రి కూడా కాల్చవచ్చు.

జవాబు రాసేటప్పుడు

గ్రూప్-1 మెయిన్స్‌లో 'పట్టణ స్థానిక సంస్థలు శక్తి రంగంలో ఎందుకు వెనకబడ్డాయి?' అన్న తరహా ప్రశ్న వస్తే 12వ షెడ్యూల్‌లోని లోటుతో మొదలుపెట్టండి, పథకాల జాబితాతో కాదు. రెండో పేరాలో బోధన్, మూడో పేరాలో సిరిసిల్ల. ఒకచోట ఉత్పత్తి ఉండి యాజమాన్యం లేదు, ఇంకోచోట యాజమాన్యం ఉండి ఉత్పత్తి లేదు. ఈ పోలిక ఉన్న జవాబు మిగతావాటి మధ్య విడిగా కనిపిస్తుంది. తర్వాత 2003 చట్టం 13వ సెక్షన్, 243జెడ్‌డి, ఇండోర్ బాండ్లు మార్గాలుగా. గృహజ్యోతి, క్రాస్ సబ్సిడీ పరిమితులుగా. ప్రిలిమ్స్ కోసం 11, 12 షెడ్యూళ్ల అంశ సంఖ్యలు, సూర్యఘర్ సబ్సిడీ మొత్తాలు, 243ఎస్‌లోని 3 లక్షల గీత ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.

పక్కన చేత్తో చిన్న పటం గీస్తే ఇంకా మంచిది. దక్షిణాన మంజీర మీద నిజాంసాగర్, అక్కడి నుంచి కాలువ వెంట ఉత్తరానికి బోధన్, దానికి తూర్పున నిజామాబాద్, మంజీర గోదావరిలో కలిసే కందకుర్తి, దిగువన పోచంపాడ్, దూరంగా ఆగ్నేయాన సిరిసిల్ల. మిల్లుకో చుక్క, టర్బైన్‌కో చుక్క పెట్టండి. సిరిసిల్ల చుక్క మాత్రం వేరే రంగులో పెట్టండి. వీటిలో కరెంటు పంపిణీకి జనం ఓటేసే చోటు అదొక్కటే.